చుక్క ఉన్న దొడ్డి

మా మనవరాలికి మొన్న ఒక అక్షరాల పెట్టె కొన్నారు. రంగురంగుల ప్లాస్టిక్ అక్షరాలు, వెనకాల చిన్న అయస్కాంతం ముక్క. ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంటూ నేర్చుకోవాలట. రెండో రోజుకే ఒక అక్షరం ఫ్రిజ్ కిందికి పోయింది. పిల్ల ఒకటే ఏడుపు. మా అమ్మాయి షాద్‌నగర్ నుంచి రోజూ హైదరాబాదు పోయి ఉద్యోగం చేసి వస్తుంది. బస్సు వేళైపోతున్న తొందరలో వంగి చూసి, "ఏది పోయింది? 'ఠ'నా? పోతే పోనీలే నానీ, దాంతో మాటలే ఉండవు" అనేసి చెప్పులు తొడుక్కుంది.

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు దవాఖానలో నర్సుగా చేసి, డాక్టర్ల కోపాలూ రోగుల కోపాలూ దిగమింగినదాన్ని. ఇంత చిన్న మాటకు అంత కోపం ఎందుకొచ్చిందో ఆ క్షణంలో నాకే తెలియలేదు. "ఏందే, మాటలుండవా?" అన్నాను. "నువ్వు పరీక్షలు రాసింది ఠావు కాగితాల మీద కాదా? బడిలో చెప్పింది పాఠం కాదా? కిరాయి ఇల్లు మారినప్పుడల్లా ఠికాణా మార్చుకోలేదా?" అది వాకిట్లోంచే "అమ్మా, బస్సు" అని అరిచి వెళ్లిపోయింది. మోకాళ్లు వంచొద్దని డాక్టరు చెప్పాడు. అయినా నేల మీద బోర్లా పడుకుని, చీపురు పుల్లలతో దుమ్ములోంచి ఆ అక్షరాన్ని లాగేదాకా లేవలేదు.

మన రాష్ట్రం వచ్చినప్పుడు బండ్ల నంబరు పలకల మీద అక్షరాలు మారాయి. కొత్త అక్షరాలు రాయించుకోవడానికి జనం ఎగబడ్డారు. ఆ తరువాత అవి మళ్లీ మారితే మళ్లీ సంబురపడ్డారు. రెండు అక్షరాల కోసం ఇంత హంగామానా అని నవ్వినవాళ్లను నేనెరుగుదును. నేను మాత్రం నవ్వలేదు. ఒక్క అక్షరాన్ని ఆస్తిగా, పేరుగా, పరువుగా పెట్టుకుని బతికిన ఇంట్లో పుట్టాను నేను. ఆ అక్షరం ఇదే, ఫ్రిజ్ కింద దొరికిన ఈ 'ఠ'.

మాది గొర్ల మంద ఉన్న ఇల్లు. పాలమూరు నేలలో, రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప మరేమీ దండిగా పండని ఊరు. ఇప్పుడు ఆ బీళ్లన్నీ ప్లాట్లయిపోయాయి, హద్దురాళ్లకు తెల్లరంగు వేశారు. అప్పట్లో అదంతా మేత. మా గొర్ల వీపు మీద జాజుతో, అంటే ఎర్రమట్టితో, ఒక గుర్తు వేసేవాళ్లం. గుండ్రంగా ఒక గీత, నడుమ చుక్క, నెత్తిన చిన్న కొక్కెం. అది అక్షరమని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తాతకు తాత పెట్టిన గుర్తు అని మాత్రం తెలుసు.

"గిది దొడ్డి బిడ్డా" అని తాత మట్టిలో కట్టెతో గీసి చూపించేవాడు. "గీ చుక్క, లోపల పండుకున్న మనిషి. పైనున్నది కంప, దొడ్డికి అడ్డం బెట్టేది. మనిషి కావలి లేకుంటే అది దొడ్డెట్ల అయితది?"

ఆ గుర్తు గొర్ల వీపుల మీదే కాదు, మా ఇంట్లో అది లేని వస్తువే ఉండేది కాదు. గొంగళ్ల మూలన తెల్ల ఉన్నితో కుట్టి ఉండేది. మజ్జిగ కుండ అడుగున, కుమ్మరి ఇంటి దగ్గరే పచ్చిమట్టి మీద గీయించుకొచ్చేవాళ్లు. కొత్తగా పుట్టిన గొర్రెపిల్ల నొసటన అవ్వ పసుపుతో వేసేది. నాకు జ్వరమొస్తే నా వీపు మీద కూడా బూడిదతో వేసేది, నేనూ మందలోదాన్నే కదా. మంద వలస పోయినప్పుడు దారిలో బండల మీద వేసేవాళ్లు. చుక్క లోపలుంటే, ఇక్కడ నీళ్లున్నాయి, రైతు మంచోడు, చేనులో మంద పండబెట్టుకోనిస్తాడు అని. చుక్క గీతకు బయట ఉంటే, ఆగొద్దు, నడువు అని. వెనక వచ్చే మా వాళ్లు అది చూసి అడుగులు వేసేవాళ్లు. ఒక్క చుక్క మీద ఎన్ని కడుపులు ఆధారపడ్డాయో తలచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగా ఉంటుంది.

మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటిదాన్ని నేను. అదీ తాత పట్టుబడితేనే. "ఒక్కరన్న చూసి రావాలె గదా, గా బడిల ఏమున్నదో" అన్నాడు. చేరిన కొన్ని నెలలకు సారు నల్లబల్ల మీద ట రాశాడు, పక్కనే ఠ రాశాడు. నేను గభాలున లేచి నిలబడ్డాను.

"సార్, గది మాది!"

"ఏది మీది?"

"గదే సార్. మా గొర్ల గుర్తు."

బడంతా గొల్లుమంది. కొందరు 'మ్యా' అని అరిచారు. సారు మంచివాడు, అందరినీ కూర్చోబెట్టి, ఇది ఠ అనే అక్షరం, అందరిదీ అని చెప్పాడు. నాకు నచ్చలేదు. మాది అందరిదీ ఎట్లా అవుతుంది? ఇంటికి పోయి, సారు మన గుర్తు ఎత్తుకపోయిండని తాతకు చాడీ చెప్పాను.

మరునాడు పొద్దున్నే తాత బడికి వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె, గడప దాటకుండా నిలబడ్డాడు.

"సార్, మా గుర్తు మీ బడిల రాస్తున్నరట గదా?"

సారు నవ్వు ఆపుకుని, "అవును పెద్దాయనా. పిల్లలందరికీ నేర్పుతున్నం" అన్నాడు. పుస్తకం తెరిచి అచ్చులో చూపించాడు.

తాత ఆ పేజీని చాలాసేపు చూశాడు. వేలితో దాని చుట్టూ ఒకసారి తిప్పాడు. "నేర్పుండ్రి సార్, మాకేం ఫికర్ లేదు. జర చుక్క మాత్రం మర్వకుండ్రి. చుక్క లేకుంటే అది వేరేటోళ్లది అయితది" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ వారమంతా ఊరిలో కనబడినవాళ్లందరికీ ఒకటే మాట: "సర్కారు మా గుర్తు పుస్తకాలల్ల అచ్చేసింది." అది వట్టి మాట అని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నాకైతే ఇప్పుడు కూడా పూర్తిగా వట్టి మాట అనిపించదు.

తాత చెప్పిన వేరేటోళ్లు నిజంగానే ఉన్నారు. మా తాత నాయిన, ఆయన తమ్ముడు వేరుపడ్డప్పుడు పాత గుర్తు పెద్దాయనకు వచ్చింది. చిన్నాయన అదే గీత, అదే కంప ఉంచుకుని చుక్క తీసేశాడు. గొర్ల చెవికి ఆనవాలుగా పెట్టే కోత రెండిళ్లకూ ఒకటే ఉండిపోయింది. వేరుపడ్డనాడు ఎవరి గొర్రెలో ఎవరి మందలోకి పోయాయని మాటా మాటా పెరిగి, దొంగ అనే మాట వచ్చిందట. అప్పటి నుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ మంచినీళ్లు కూడా లేవు. వాళ్ల పెద్దాయన మా తాతకు తమ్ముని వరుస, నాకు చిన్నతాత. ఊరిలో ఎదురుపడితే ఇద్దరూ ఆకాశం చూసుకుంటూ పోయేవాళ్లు.

నేను రెండో తరగతి దాటిన ఎండాకాలం, వానలు మోసం చేసిన ఏడాది. బీళ్లల్లో గరిక కూడా లేదు. మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవాలి. మా ఇంట్లో మనుషులు చాలరు, వాళ్ల ఇంట్లోనూ చాలరు. చిన్నతాతే ఒకరోజు మా వాకిలి ముందుకు వచ్చి, లోపలికి రాకుండా, "అన్నా, కలిసి పోదమా?" అన్నాడు. తాత చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. తరువాత, "నీళ్లు తాగు తమ్మి" అన్నాడు. అవ్వ చెంబు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చింది.

అమ్మ నా తమ్ముణ్ణి కని పుట్టింట్లో ఉంది. నన్ను చూసుకునే దిక్కు లేక అవ్వ తనతో పాటు నన్నూ నడిపించింది. పది రోజులు నడక. తెల్లారకముందే లేచి అంబలి తాగడం, ఎండ ముదిరేదాకా నడవడం, చింతచెట్టు నీడ దొరికితే మందను నిలపడం. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఎక్కడన్నా గొర్రె ఈనితే ఆ సాయంత్రం జున్ను. గొర్రె జున్ను తిన్నవాళ్లు ఆవు జున్నును జున్ను అనరు. గొంగడి కప్పుకుంటే ఉన్ని వాసన, పొగ వాసన, పాల వాసన కలిసి ముక్కులో కూర్చునేవి. అన్నేళ్లు దవాఖానలో మందుల వాసన పీల్చినా ఆ వాసనలు నా ముక్కులోంచి పోలేదు.

ఆ నడకలో నా వెంట నా సొంత గొర్రెపిల్ల కూడా ఉండేది. బడికి పోయినందుకు తాత నాకిచ్చిన ఆడపిల్ల అది. మూతి ఒక్కటే తెలుపు, మిగతాదంతా నలుపు. తెల్లమూతీ అని నేను ఒక్క కేక వేస్తే మందలో ఏ మూలనున్నా గొర్లను తోసుకుంటూ ఉరికి వచ్చేది. "అది పెద్దగై ఈనితే, దాని పిల్లలు నీ మంద" అనేవాడు తాత. అప్పటికే మనసులో నాకు ఇరవై గొర్లు ఉండేవి.

చిన్నతాత మనుమరాలు కూడా వచ్చింది. నాకన్నా రెండేళ్లు పెద్దది, అక్క అనాలి. నడకలో మంచి నేస్తాలమయ్యాం. కాని ఇద్దరికీ నోరు ఎక్కువ. ఒకరోజు బండ మీద గుర్తులు గీస్తూ నేను, "మీ దొడ్డిల మనిషే లేడు, అది పాడువడ్డ దొడ్డి" అన్నాను. అది తాత మాటే, నేను అరువు తెచ్చుకున్నాను. ఆమె ఊరుకుంటుందా? "మీ దొడ్డిల మనిషి గాదే, రాయి వడ్డది. ఎవడో ఇసిరేసిండు" అంది. అని ఊరుకోక, "మా తాత చెప్పిండు, మీరు ఎత్తుకపోయిన గొర్ల లెక్కకు పెట్టుకున్న చుక్క అది" అంది. నాకు ఏడుపు రాలేదు, అంతకన్నా చెడ్డది వచ్చింది. రెండు రోజులు దాంతో మాట్లాడలేదు.

కృష్ణ ఒడ్డున మందను కడిగి, ఎండబెట్టి, మరునాడు ఉన్ని కత్తిరించారు. అక్కడ ఇంకో నాలుగైదు ఊళ్ల మందలు కూడా దిగి ఉన్నాయి. ఉన్ని పోతే పాత గుర్తులూ పోతాయి. అందుకని కత్తిరించిన వెంటనే కొత్త గుర్తు వెయ్యాలి. జాజును తుమ్మబంక నీళ్లల్లో కలిపితే అది గొర్రె తోలు మీద ఆరునెలలు ఉంటుంది. ముందు చిన్నతాత వాళ్ల గొర్లు అయ్యాయి, తరువాత మావి. అటు వాళ్ల గుర్తూ ఇటు మా గుర్తూ మా బాపే, అంటే మా నాన్నే, వేశాడు, ఆయన చెయ్యి సాఫుగా ఉంటుందని. నేను జాజు ముంత పట్టుకుని వెంట తిరిగాను. బాపు గీత గీస్తే, "చుక్క నేను పెడ్త బాపూ" అని మా గొర్లకు నేనే వేలితో పెట్టాను. చదువుకున్న పిల్లను కదా అని ఆయన కూడా మురిసిపోయి పెట్టనిచ్చాడు.

పని ముగిసి పెద్దవాళ్లు తినడానికి కూర్చున్నారు. మందలు రెండూ చెట్ల కింద కలిసిపోయి పండుకున్నాయి. ముంతలో అడుగున జాజు మిగిలింది. నా ముందు చిన్నతాత వాళ్ల గొర్రె ఒకటి, వీపు మీద ఖాళీ దొడ్డితో, నెమరు వేసుకుంటూ కూర్చుని ఉంది. నేను వేలు ముంచి దాని నడుమ చుక్క పెట్టాను. అది చెవి కూడా కదపలేదు. పక్కదానికి పెట్టాను. తరువాతదానికి పెట్టాను. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. రాయి పడ్డదన్నావు కదా, నీ దొడ్లో కూడా పడ్డది చూసుకో అని ఒక్కో చుక్కకూ అనుకున్నాను. పదకొండో గొర్రె దగ్గర జాజు అయిపోయింది. లేకపోతే ఆ నడిఎండలో వాళ్ల మందనంతా మా మంద చేసి ఉండేదాన్ని.

పొద్దు వాలుతుండగా ఎవరి దొడ్డి దగ్గర వాళ్లు నిలబడి పిలుపు వేశారు. గొర్రెకు వీపు మీది గుర్తుతో పని లేదు, పిలిచే గొంతు తెలుసు. ఏ గొర్రెకు ఆ గొర్రె తన వాళ్ల దొడ్డిలోకి పోయింది. అప్పుడు చిన్నతాత కొడుకు అరిచిన అరుపు నది అవతలికి వినిపించి ఉంటుంది.

"నాయినా, గిటు రా! మన గొర్ల మీద చుక్కలు బెట్టిన్రు! పదకొండు గొర్లు!"

అందరూ ఉరికారు. చుక్కలు ఎర్రగా, ఇంకా సరిగా ఆరకుండా ఉన్నాయి. పక్క మందలవాళ్లూ వచ్చి మూగారు. గొర్రె దొంగతనం ఎట్లా జరుగుతుందో అక్కడ ప్రతి ఒక్కరికీ తెలుసు. ఈరోజు గుర్తు మారుస్తారు, నాలుగు రోజులు పోయాక వేరే సంతకు తోలి అమ్ముతారు, అడిగితే గుర్తు చూపిస్తారు.

"జాజు ఎవని చేతుల ఉండె?" అన్నాడు చిన్నతాత కొడుకు, మా బాపు మొహంలోకి చూస్తూ. "మా గొర్లకు గుర్తెయ్యమని నీ చేతులనే గదా పెడ్తిమి! మీ తాతల బుద్ధి ఎక్కడ పోతది?"

బాపు మాటల మనిషి కాదు, కట్టె ఎత్తాడు. తాత మధ్యలోకి దూరి ఆ కట్టెను పట్టుకున్నాడు. అవ్వ "అయ్యో దేవుడో" అని నెత్తి కొట్టుకుంది. నేను నా వేలిని లంగాలో దాచుకున్నాను. నాకు అప్పుడు అర్థమైంది ఏం చేశానో. దొంగ అనిపించుకున్నవాణ్ణి ఏ మందా కలుపుకోదు, ఏ రైతూ చేనులోకి రానియ్యడు. బాపు ఆ మాట మోస్తే మేము మళ్లీ ఎవరితోనూ వలస పోలేము, వలస పోలేని మంద మిగలదు. ఇదంతా ఇంత వివరంగా ఆ వయసులో తెలియకపోయినా, బాపు మొహం చూస్తే అంతా తెలిసింది.

పక్క మందల పెద్దమనిషి ఒకాయన తన గొంగడి తీసి నేల మీద పరిచాడు. పరిచిన గొంగడి మీద నిలబడి అబద్ధమాడితే మంద నిలవదని మా వాళ్ల నమ్మకం. ఎంతటి తగవైనా దాని మీదే తేలేది. "చెప్పులిడిచి ఎక్కు. నువ్వు చెయ్యలేదని చెప్పు" అన్నాడు బాపుతో.

బాపు చెప్పులు విడిచాడు. ఆయన నిజమే చెప్తాడు, కాని వాళ్లెవరూ నమ్మరని నాకు వాళ్ల కళ్లల్లో కనిపించింది. ఆయన కాలు గొంగడి మీద పడకముందే నేను ఉరికిపోయి ఎక్కాను. చుట్టూ ఇంతెత్తు మనుషులు. లంగాలోంచి చెయ్యి తీసి చూపించాను.

"నేనే పెట్టిన. బాపు తింటుంటే నేనే పెట్టిన."

చిన్నతాత నా వేలు పట్టుకుని చూశాడు, వెనక్కి తిరిగి గొర్రె మీది చుక్క చూశాడు. చిన్న వేలు, చిన్న చుక్క. ఆయన మొహంలోంచి కోపం దిగిపోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నన్ను ఎత్తుకుని గొంగడి మీది నుంచి దింపాడు.

"పసిపోరి అన్నా. ఆడుకుంట పెట్టింది. దానికేం తెలుసు?" అన్నాడు. అవ్వ వెంటనే, "అవు తమ్మి, దానికేం తెల్వదు" అంది. పక్కవాళ్లు కూడా, పొల్ల తెలవక చేసింది, పోనీ, పోనీ అన్నారు. పెద్దమనిషి గొంగడి దులిపి భుజాన వేసుకోబోయాడు. నా ప్రాణం లేచి వచ్చింది. నేను కూడా ఏమీ తెలియనట్టు మొహం పెట్టాను, అది నాకు బాగా వచ్చు.

తాత ఒక్కడే కదలలేదు.

"జర ఆగుండ్రి" అన్నాడు. "తెల్వదు అంటరేంది? మా నాయినకు అచ్చరం తెల్వదు. నాకు తెల్వదు. గీ నా కొడుక్కు తెల్వదు. మా ఇంట్ల తెలిసింది గీ ఒక్క పోరికే. పుస్తకంల చూసి సదివింది. చుక్కుంటే ఎవ్వలిదో, లేకుంటే ఎవ్వలిదో దీనికి తెలిసినట్టు మీల ఎవ్వలికి తెల్వదు." నా వైపు తిరిగాడు. "బిడ్డా, తెలిసి పెట్టినవా, తెల్వక పెట్టినవా?"

తెలియక అంటే అయిపోయేది. అందరూ ఆ మాట కోసమే నా నోరు చూస్తున్నారు. ఆయన ఒక్కడు మాత్రం వేరే మాట కోసం చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. నన్ను అంత పెద్దదాన్ని చేసి అంతకుముందు ఎవరూ చూడలేదు.

"తెలిసే పెట్టిన తాతా" అన్నాను.

"ఇన్నవా తమ్మి? తెలిసే పెట్టింది. అది తప్పు చేసింది, అదే తప్పు కడ్తది." తాత తప్పు అనే మాటను జరిమానా అనే అర్థంలో అన్నాడని అక్కడ అందరికీ అర్థమైంది. "నీదంటూ ఏమున్నది బిడ్డా?"

నాదంటూ ఉన్నది ఒక్కటే. అవ్వ "అయ్యో, గది వద్దు" అని ముందుకు వచ్చింది, తాత చెయ్యి అడ్డం పెట్టాడు. చిన్నతాత, "అన్నా, గింత దానికి..." అని నసిగాడు. నేను తెల్లమూతీ అని పిలిచాను. అది గొర్ల మధ్యలోంచి ఎగురుకుంటూ వచ్చి నా మోకాళ్లకు తల రుద్దింది.

బాపు జాజు ముంతలో మళ్లీ ఇంత జాజు కలిపి తెచ్చి నా చేతికి ఇచ్చాడు. ఆయన నన్ను తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. నేను దాని వీపు మీద గుండ్రంగా గీత గీశాను. నెత్తిన కంప వేశాను. నా వేలు అలవాటు కొద్దీ నడుమకు పోయింది. ఆపుకున్నాను. తాడు పట్టుకుని నేనే నడిపించుకుపోయి చిన్నతాత చేతిలో పెట్టాను. మరునాడు ఆ అక్కా నేనూ కలిసి, పదకొండు గొర్లను ఒక్కొక్కదాన్ని ఏటి ఇసుకతో రుద్ది చుక్కలు పోగొట్టాం. తుమ్మబంక అంత తేలికగా వదలదు, వేళ్లు పుండ్లయ్యాయి. "రాయి అన్నందుకు నాది గూడ తప్పేనే" అంది ఆమె, నా వంక చూడకుండా.

ఆ తరువాత రెండిళ్లూ విడిపోలేదు. ఏటేటా కలిసే వలస పోయారు, ఆ పోకలు ఉన్నన్నాళ్లు. నేను పది పాసయ్యాను, నర్సు చదువు చదివాను, ఊరిలో మొదటి ఉద్యోగస్తురాలినయ్యాను. వాటిల్లో తాత కొన్ని చూశాడు, కొన్ని చూడలేదు. పొగడ్తలు నేనూ చాలానే విన్నాను, దాచుకోవడం ఎందుకు, అన్నీ ఇష్టంగానే విన్నాను. కాని నా గురించి నేను గొప్పగా అనుకోవాలనిపించినప్పుడల్లా ఆ నది ఒడ్డున ఇంకో సాయంత్రమే గుర్తుకు వస్తుంది.

గొర్రెపిల్లకు గుర్తు మారితే మనసు మారుతుందా? పొద్దు వాలి, మా వాళ్లు పిలుపు వేయగానే అది చిన్నతాత మందలోంచి తప్పించుకుని నా దగ్గరికే ఉరికి వచ్చేది, వీపు మీద నేను గీసిన ఖాళీ దొడ్డితో. ప్రతి రోజూ నేనే దాన్ని ఎత్తుకుని తీసుకుపోయి వాళ్ల దొడ్డిలో వదిలి వచ్చేదాన్ని. మూడో రోజో నాలుగో రోజో, ఏడుపు ఆపుకోలేక, దాని మెడలో మొహం పెట్టుకుని నడుస్తున్నాను. తాత బండ మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పక్కన వేరే మందల మనుషులు ఇద్దరున్నారు. అప్పుడే దిగినవాళ్లు, జరిగిందేమీ తెలియనివాళ్లు.

"గా పోరి ఎవ్వలు, గట్ల ఏడ్సుకుంట పోతాంది?" అని ఒకాయన అడిగాడు.

తాత నోట్లోంచి చుట్ట తీశాడు.

"మా మనుమరాలు" అన్నాడు. "సదువుకుంటాంది."